లడ్డు కక్కిన ఉండలో నీలం దారం

లడ్డు నాలుగేళ్ల ఆడ పిల్లి. పర్షియన్ క్రాస్. ఒళ్లంతా తెల్లటి బొచ్చు, తోక మాత్రం లేత గోధుమరంగు. ఏడాది నిండకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. వరంగల్ కొత్తవాడలో ఒక డాబా ఇంటి పై అంతస్తులో ఉంటుంది. కింద మగ్గాలు. ఇంటి పెద్దాయన జంపఖానాలు నేస్తారు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆ నేతకు కొత్తవాడ పెట్టింది పేరు. పిల్లి కేసులో జంపఖానాల ముచ్చట ఎందుకని మీకు అనిపిస్తే తప్పు లేదు. రెండు నెలల పాటు నాకూ అలాగే అనిపించింది. ఈ కేసు రాయడానికి కారణం అదే.

జూన్ చివరి వారం

పిల్లిని తెచ్చింది ఇంటి కోడలు. బుట్టను టేబుల్ మీద పెట్టి నేరుగా విషయానికి వచ్చింది.

"సార్, నెలకు మూడు నాలుగుసార్లు వెంట్రుకల ఉండలు కక్కుతున్నది. యూట్యూబ్‌ల జూసిన, పిల్లులకు ఇది మామూలే అంటున్నరు. గని గిన్నిసార్లా?"

ఆమె అడగాల్సిందే అడిగింది. నేను సగం చెవితో విన్నాను.

పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన సన్నని ముళ్లుంటాయి. ఒళ్లు నాకినప్పుడు ఊడిన వెంట్రుక వాటికి చిక్కుకుంటుంది. ఉమ్మడం దానికి చేతకాదు, మింగాల్సిందే. మింగినదాంట్లో ఎక్కువ భాగం మలంతో పాటు వెళ్లిపోతుంది. మిగిలింది కడుపులో ఒకదానికొకటి పెనవేసుకుని ఉండ కడుతుంది. కుక్కల్లో భోజనానికీ భోజనానికీ మధ్య చీపురు పట్టి ఊడ్చినట్టు కడుపునూ పేగులనూ శుభ్రం చేసే బలమైన కదలికలుంటాయి. పిల్లుల్లో ఆ ఊడ్పు అంత గట్టిది కాదు. అందుకే వెంట్రుకలు నిలబడిపోతాయి. అన్నవాహికలోంచి ఒత్తుకుంటూ పైకి వస్తుంది కాబట్టి ఆ ఉండ గుండ్రంగా ఉండదు, వేలిలా పొడుగ్గా ఉంటుంది. మలమేమో అనుకుని తెచ్చి చూపించినవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు.

పొడుగు బొచ్చు పిల్లి నెలకోసారి ఉండ కక్కితే నేను పెద్దగా పట్టించుకోను. వారం వారం కక్కుతోందంటే మాత్రం రెండు విషయాలు తేల్చుకోవాలి. అన్ని వెంట్రుకలు లోపలికి ఎందుకు పోతున్నాయి? పోయినవి కిందికి ఎందుకు జారడం లేదు? మొదటిదానికి జవాబు చర్మంలోనో, నొప్పిలోనో, టెన్షన్‌లోనో ఉంటుంది. రెండోదానికి కడుపులో, పేగుల్లో వెతకాలి. ఇదంతా తెలిసి కూడా ఆ రోజు నేను ఏదీ వెతకలేదు. క్లినిక్ బయట మరో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. బరువు 4.6 కిలోలు, టెంపరేచర్ 101.4 (పిల్లికి అది మామూలే), చిగుళ్లు గులాబీ రంగులో, పొట్ట మెత్తగా. పర్షియన్, పైగా ఎండలు వెళ్లి వానలు మొదలయ్యే కాలం, బొచ్చు రాలుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హెయిర్‌బాల్ పేస్టు రాసిచ్చాను. నులిపురుగులకూ బద్దెపురుగులకూ కలిపి ఒక మాత్ర వేశాను. రోజూ దువ్వమన్నాను. వీలైతే హెయిర్‌బాల్ తగ్గించే డ్రై ఫుడ్‌కి మార్చమన్నాను. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది.

పేస్టు ఎంత వేయాలో నోటితో చెప్పాను గానీ చీటీ మీద రాయలేదు. దాని ఫలితం తర్వాత అనుభవించాం.

జూలై మూడో వారం

ఈసారి వచ్చింది విరేచనాలతో. రోజుకు ఐదారుసార్లు, నూనె తేలినట్టు మెరుస్తూ, పసుపు రంగులో. ఉండలు కక్కడం కూడా తగ్గలేదు. బరువు 4.3కి దిగింది.

ఇక్కడ మాత్రం ఓపిగ్గా అడిగాను. ఒక్కొక్కటే బయటపడింది. పేస్టు తీపిగా ఉంటుంది కాబట్టి లడ్డు ట్యూబు చప్పుడుకే పరుగెత్తుకొస్తోందట. ఇష్టంగా తింటోంది కదా అని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పెడుతున్నారు. నేను అనుకున్నది మొదటి మూడు రోజులు రోజుకోసారి, ఆ తర్వాత వారానికి రెండుసార్లు, అదీ రెండు సెంటీమీటర్ల పొడవు. ఆ పేస్టుల్లో ఎక్కువ వాటికి మూలం పెట్రోలియం జెల్లీ, మాల్ట్. మోతాదు మించితే కడుపు జారక ఏం చేస్తుంది?

అత్తగారు తన వంతు వైద్యం చేశారు. "లోపల ఎండుకపోయిందేమో అని పాలల్ల ఇంత నెయ్యేసి తాపిన, బిడ్డా." పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. పక్కింటివాళ్లు ఆముదం చెప్పారు. అదృష్టం కొద్దీ రెండు చుక్కలు వేయగానే లడ్డు విదిలించి పారేసింది. నూనెలు, లిక్విడ్ పారఫిన్ లాంటివి పిల్లి నోరు పట్టుకుని పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. రుచి లేని నూనె గొంతులో పడ్డ సంగతి దానికి తెలియదు, దగ్గు కూడా రాదు. ఆ తర్వాత వచ్చే జబ్బును నయం చేయడం చాలా కష్టం. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ మెత్తగా మాట్లాడను.

వీటన్నింటి మీద డ్రై ఫుడ్‌ను ఒక్క రాత్రిలో మార్చేశారు. నేనే మార్చమన్నాను, వారం పదిరోజులు పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చాలని చెప్పలేదు. అంటే ఆ విరేచనాల్లో సగం వాటా నాదే. ఆ మాట ఆమెకు చెప్పాను. చెప్పకపోతే రేపు ఆమె అత్తగారితో గొడవ పడుతుంది.

మలం పరీక్ష చేశాను. పురుగుల గుడ్లు కనబడలేదు. పేస్టు, పాలు, నెయ్యి, కొత్త డ్రై ఫుడ్ అన్నీ ఆపించాను. ఉప్పు, పసుపు, ఉల్లి, వెల్లుల్లి ఏదీ లేకుండా ఉడికించిన చికెన్ కొద్దికొద్దిగా నాలుగు పూటలు, ఐదు రోజులు. దాంతోపాటు ప్రోబయోటిక్. ఇలాంటి వాటికి వెంటనే మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ రాయడం మా డాక్టర్లలో చాలామందికి అలవాటు, నాకూ ఉండేది. తిండి వల్ల వచ్చిన విరేచనాలకు అది అక్కర్లేదు. నాలుగో రోజుకి మలం గట్టిపడిందని ఫోన్ వచ్చింది.

వెళ్లబోతూ ఆమె ఇంకో మాట అన్నది. "తోక కింద బొచ్చుకు బియ్యపు గింజ లెక్క ఒకటి అంటుకున్నది సార్. తీసి పడేసిన." పెరుగన్నం మెతుకై ఉంటుందన్నాను. మూడు వారాల క్రితమే పురుగుల మందు వేశాను కదా, మలంలో గుడ్లు కూడా లేవు కదా అని నా ధీమా. ఆ గింజ గురించి ఇంకొక్క నిమిషం ఆలోచించి ఉంటే లడ్డుకి ఆగస్టు కష్టం తప్పేది.

ఆగస్టు, ఆదివారం రాత్రి

ఫోన్ తొమ్మిదిన్నరకు వచ్చింది. నిన్న రాత్రి నుంచి ఏమీ తినలేదు, ఏడుసార్లు కక్కింది, మొదట తెల్ల నురగ, తర్వాత పసుపు నీళ్లు, సాయంత్రం ఒక పెద్ద ఉండ. ఆ ఉండను పాలిథిన్ కవర్లో వేసి తీసుకురమ్మన్నాను. ఇది నేను ప్రతివాళ్లకూ చెబుతాను. ఫోటో కన్నా అసలు వస్తువు మేలు.

లడ్డు బుట్టలోంచి బయటికి రావడానికి ఒప్పుకోలేదు. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలితే మెల్లగా కిందికి దిగింది. నోరు జిగటగా ఉంది. ఒంట్లో నీరు సుమారు ఏడు శాతం తగ్గిందని అంచనా వేశాను.

అన్నిటికంటే ముందు నోరు తెరిచి నాలుక కింద చూశాను. కక్కుతూ తిండి మానేసిన ప్రతి పిల్లికీ ఇది చేయాలి. దారం మింగిన పిల్లిలో ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకుని ఉంటుంది, రెండో కొస పేగుల్లోకి పోయి వాటిని పైజామా నాడా లాగినట్టు ముడతలు ముడతలుగా దగ్గరికి లాగేస్తుంది. సంక్రాంతి రోజుల్లో మాంజా, మామూలు రోజుల్లో మల్లెపూల దండ దారం. వెనక నుంచి దారం వేలాడుతుంటే లాగొద్దని కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. లాగితే పేగు కోసుకుపోతుంది. లడ్డు నాలుక కింద ఏమీ లేదు. కానీ మగ్గాల ఇల్లు అన్న మాట అప్పుడే మొదటిసారి నా బుర్రలో మోగింది.

ఎక్స్‌రే రెండు కోణాల్లో తీశాం. కడుపులో గాలి, కొంచెం నీరు. పేగులు ఒక చోట ఉబ్బి లేవు, గుత్తిగా దగ్గరికి చేరలేదు. అడ్డు పడిన ఆనవాళ్లు లేవు. రక్తంలో కిడ్నీ, లివర్, షుగర్ పరీక్షలు బాగానే ఉన్నాయి. తెల్ల కణాల్లో ఇసినోఫిల్స్ మాత్రం పెరిగి ఉన్నాయి. అలర్జీ ఉన్నప్పుడూ, పురుగులున్నప్పుడూ పెరిగే కణాలవి.

సెలైన్ లెక్క ఇలా వేశాను: 4.3 కిలోల పిల్లికి ఏడు శాతం లోటు అంటే దాదాపు 300 మి.లీ., రోజువారీ అవసరం కిలోకు 50 చొప్పున మరో 215. మొత్తం 515 మి.లీ. రింగర్ లాక్టేట్ ఇరవై నాలుగు గంటల్లో నరం ద్వారా. వాంతులకు మారోపిటాంట్, కిలోకు ఒక మిల్లీగ్రాము, చర్మం కింద. ఎక్స్‌రే చూశాకే ఇచ్చాను. పేగుల్లో అడ్డు ఉన్న పిల్లికి వాంతి ఆపితే జబ్బు తగ్గినట్టు కనిపిస్తూనే లోపల ముదురుతుంది. పొద్దున మళ్లీ ఎక్స్‌రే తీస్తే గాలి పెద్దపేగు దాకా జరిగింది. సాయంత్రానికి చికెన్ నీళ్లు నాకింది, రాత్రి రెండు స్పూన్లు తిన్నది. ఇక్కడ తొందర ఎందుకంటే, పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా లివర్‌లోకి చేరి కొత్త జబ్బు మొదలవుతుంది. బొద్దు పిల్లుల్లో మరీ ఎక్కువ. కుక్కకు చెప్పినట్టు 'ఒక రోజు పస్తు పెట్టండి, సర్దుకుంటుంది' అన్న సలహా పిల్లికి పనికిరాదు.

ఉండను విప్పితే

మామునూరు వెటర్నరీ కాలేజీ స్టూడెంట్ ఒకతను ఆ నెల నా దగ్గర పని నేర్చుకోవడానికి వస్తున్నాడు. సోమవారం పొద్దున సెలైన్ నడుస్తుండగా, "సార్, దీన్ని విప్పి చూడనా?" అన్నాడు. విప్పమన్నాను. ఇన్నేళ్లలో వందల ఉండలు చూశాను, విప్పింది లేదు.

స్టీలు ట్రేలో గోరువెచ్చని నీళ్లు పోసి ఉండను పది నిమిషాలు నానబెట్టాడు. ఆరు సెంటీమీటర్ల పొడవు, చూపుడు వేలంత లావు. రెండు చిన్న పట్టకార్లతో మెల్లగా దూది విడదీసినట్టు విడదీశాడు. నీళ్లలో తెల్ల వెంట్రుకలు పరుచుకున్నాయి. వాటిలో చాలావరకు పొట్టివి, ఒక సెంటీమీటరు కూడా లేనివి. ఊడిన బొచ్చు అయితే మొదలు నుంచి చివర దాకా పొడుగ్గా ఉండాలి. వాటి మధ్యలో నీలం రంగు దారపు ముక్కలు మూడు, ఎర్రవి రెండు. మైక్రోస్కోప్ కింద పెడితే తేడా స్పష్టంగా తెలిసింది. పిల్లి వెంట్రుక మధ్యలో నిచ్చెన మెట్లలాంటి గీతలుంటాయి, నూలు పోగు మెలితిప్పిన రిబ్బనులా ఉంటుంది. అవి జంపఖానా నూలు.

"ఇదేంది సార్?" అని ఇంకో స్లైడు నా వైపు జరిపాడు. గోధుమరంగు, పక్కల నుంచి నొక్కినట్టు బల్లపరుపుగా ఉన్న ఒంటిలో సగం ముక్క, దానికి పొడవాటి వెనక కాలు ఒకటి. ఫ్లీ. ఎగిరి దూకే పురుగు. మనవాళ్లు పేలు, పిడుదులు, ఫ్లీలు అన్నిటినీ కలిపి పురుగులనేస్తారు గానీ ఇది వేరు.

లేచి వెళ్లి లడ్డు బొచ్చును మొదటిసారి సరిగ్గా చూశాను. నడుము కింద, తోక మొదట్లో, తొడల లోపలి వైపు వెంట్రుకలు కత్తిరించినట్టు పొట్టిగా ఉన్నాయి. పైనున్న పొడుగు బొచ్చు వాటిని కప్పేసింది. మెడ చుట్టూ వేలితో తడిమితే ఇసుక రవ్వల్లా చిన్న చిన్న పక్కులు తగిలాయి. పది వెంట్రుకలు పీకి చూస్తే కొసలన్నీ విరిగి ఉన్నాయి. తనంతట తాను రాలే వెంట్రుక కొస సన్నగా మొనదేలి ఉంటుంది. విరిగిన కొస అంటే పిల్లి నాకి నాకి తెంపిందని అర్థం. సన్న పళ్ల దువ్వెనతో దువ్వితే నల్ల నలకలు రాలాయి. తడి టిష్యూ మీద వేస్తే ఒక్కో నలక చుట్టూ ఎర్రటి గోధుమరంగు వలయం పాకింది. అది ఫ్లీల రెట్ట, పిల్లి నుంచి పీల్చిన రక్తమే అందులో ఎండిపోయి ఉంటుంది. బతికున్న ఫ్లీ మాత్రం ఒక్కటీ దొరకలేదు. అలర్జీ ఉన్న పిల్లి దురదకి ఎంతగా నాకుతుందంటే, కుట్టిన పురుగును కూడా మింగేస్తుంది. మనకు సాక్ష్యం మిగలదు.

జూలై నాటి బియ్యపు గింజ సంగతీ తేలిపోయింది. ఫ్లీని మింగితే దానిలోని బద్దెపురుగు పిల్ల పిల్లి పేగులో పెరుగుతుంది, మూడు వారాలకల్లా బియ్యపు గింజల్లాంటి ముక్కలు వెనక నుంచి రాలడం మొదలవుతుంది. దాని గుడ్లు ఆ ముక్కల్లో మూటగట్టి ఉంటాయి కాబట్టి మామూలు మలం పరీక్షలో తరచూ దొరకవు. జూన్‌లో మందు వేశాను, నిజమే. ఫ్లీలు అలాగే ఉంటే బద్దెపురుగు మళ్లీ రాకుండా ఎవరాపగలరు?

అంటే వరస ఇది. ఫ్లీ కుట్టింది, లడ్డుకి దాని ఉమ్మి పడలేదు, దురద పుట్టింది, రాత్రింబవళ్లు నాకింది. పడుకునేది జంపఖానాల మీద కాబట్టి బొచ్చుకు అంటుకున్న నూలు పోగులు కూడా కడుపులోకి పోయాయి. వెంట్రుకకు నూలు పురి కలిస్తే ఉండ తాడులా గట్టిపడుతుంది. నేను ఉండను కిందికి జార్చడానికి పేస్టు ఇస్తున్నాను, పైనుంచి రోజూ కొత్త సరుకు దిగుతూనే ఉంది.

"మాది బయటికే పోదు కద సార్"

ఫ్లీలన్న మాటకి ఆమె మనసు నొచ్చుకుంది. "రోజు ఇల్లు తుడుస్త సార్. ఇది గడప కూడ దాటదు. మా ఇంట్ల పురుగులేంది?"

అందులో ఆమె తప్పేం లేదని చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఫ్లీ పిల్లి మీదే గుడ్లు పెడుతుంది, రోజుకు నలభై దాకా, కానీ అవి జారి కింద పడతాయి. పిల్లలు చీకట్లో, నేత సందుల్లో, పెద్ద ఫ్లీల రెట్ట తింటూ పెరుగుతాయి. తర్వాత జిగురు గూట్లో దాక్కుని నెలల తరబడి ఎదురు చూస్తాయి. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగిలితే అప్పుడు బయటికి దూకుతాయి. వానాకాలపు ఉక్క వాటికి పండగ. వెచ్చదనం, తేమ కలిస్తే మూడు వారాల్లో ఒక తరం తయారు. పిల్లి మీద మనకు కనబడేవి మొత్తం లెక్కలో చాలా కొద్ది.

మరి మొదటిది ఎక్కడి నుంచి వచ్చింది? మంగళవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మామూలుగా వెళ్లను, కానీ ఈ కేసులో నేను వాళ్లకు బాకీ పడ్డాను. కింద మగ్గాల గది మూల, చుట్టి పెట్టిన జంపఖానాల వెనక ఒక వీధి పిల్లి మూడు కూనలతో కాపురముంది. రెండున్నర నెలలవి. పెద్దాయన వాటికి రోజూ ఇంత పాలు పోస్తున్నారు, కోడలికి చెప్పకుండా. నేసిన జంపఖానాలను కింద చోటు చాలక పై గదికి చేరుస్తారు. లడ్డు మధ్యాహ్నం నిద్ర వాటి మీదే. అది గడప దాటలేదు, నిజమే. గడప దాటి వచ్చినవి జంపఖానాలు.

మందు మొత్తం ఇంటికి

లడ్డుకి, తల్లి పిల్లికి, కూనలకి పిల్లుల కోసం తయారైన ఫిప్రోనిల్ చుక్కల మందు వేశాం, ఒకే రోజున. మెడ వెనక బొచ్చు పాయ తీసి చర్మం మీదే వేయాలి, నాలుక అందని చోట. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. కూనలకు ఎనిమిది వారాలు దాటాయి కాబట్టి వేయగలిగాం. కుక్కల కోసం అమ్మే చుక్కల మందు ఇంట్లో ఉంటే పంచి వేయొద్దని రెండుసార్లు చెప్పాను. వాటిలో కొన్నిట్లో పెర్మెత్రిన్ ఉంటుంది, పిల్లికి అది వణుకు, మూర్ఛలు తెప్పించి ప్రాణం తీయగలదు. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ కూడా అంతే, 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. సందర్భం కాకపోయినా ఇది చెప్పకుండా ఏ పిల్లినీ ఇంటికి పంపను. చుక్కల మందు నెలనెలా, కనీసం మూడు నెలలు. గూళ్లలో దాక్కున్నవి ఒక్కసారిగా బయటికి రావు కాబట్టి ఒక్క డోసుతో ఆపితే కథ మొదటికొస్తుంది.

బద్దెపురుగు మాత్ర మళ్లీ వేశాను. దురదకు ప్రెడ్నిసొలోన్, రోజుకు 5 మిల్లీగ్రాములు ఐదు రోజులు, తర్వాత రోజు విడిచి రోజు ఐదు డోసులు. కడుపు బాగోలేని పిల్లికి స్టెరాయిడ్ ఇవ్వాలా అని వెనకాడాను. మూడు రోజులు వాంతి లేకుండా తిన్నాకే మొదలుపెట్టాను.

అసలు చిక్కు జంపఖానాలతో వచ్చింది. వాటి మీద పురుగుల మందు కొట్టిస్తే రంగు పోతుందని పెద్దాయన భయం. నాకూ కొట్టించాలని లేదు, పిల్లి వాటి మీదే పడుకుంటుంది. ఆయన వేపాకు పొగ వేద్దామన్నారు. పొగ గూట్లోకి దూరదు, పైగా పిల్లుల ఊపిరికి మంచిది కాదు. చివరికి ఇద్దరికీ నచ్చినదొకటి కుదిరింది: వాన వెలిసిన రోజల్లా డాబా మీద ఎండకు పరిచి, కర్రతో రెండు వైపులా దులపడం. ఎండకు ఆరిన చోట ఫ్లీ పిల్లలు బతకవు. కర్ర దెబ్బల అదురుకి గూళ్లలోవి బయటపడతాయి. గది మూలలు, మంచం కింద, తలుపు సందులు వ్యాక్యూమ్ క్లీనర్‌తో రెండు రోజులకోసారి, దుమ్ము సంచిని వెంటనే బయట పారేయాలి. దుప్పట్లు వేడి నీళ్లలో. లడ్డు పడకను జంపఖానాల మీద నుంచి తీసి ఒక ప్లాస్టిక్ తొట్టెలోకి మార్చాం, అందులో ఉతికిన పాత నూలు చీర. చీర అంచు కుచ్చులు కత్తిరించమన్నాను.

తిండి విషయంలో పెద్ద మార్పు నీరు. ఈ సైజు పిల్లికి రోజుకు మొత్తం 200 మి.లీ. పైచిలుకు నీరు కావాలి. 50 గ్రాముల డ్రై ఫుడ్‌లో నాలుగైదు మి.లీ. మించి ఉండదు. 150 గ్రాముల తడి ఆహారంలో 115 దాకా ఉంటుంది. అందుకని పది రోజుల్లో మెల్లగా సగం డ్రై, సగం తడి ఆహారానికి తెచ్చాం, నాలుగు చిన్న పూటలుగా. ఉడికించిన చికెన్ రుచి కోసమే, దాని మీదే బతికిస్తే పిల్లికి కావాల్సినవన్నీ అందవు. తడి ఆహారంలో నానబెట్టిన ఇసబ్‌గోల్ పావు స్పూను. పేస్టు వారానికి ఒకసారి, రెండు సెంటీమీటర్లు. ఈసారి చీటీ మీద గీత గీసి పొడవు చూపించాను.

దువ్వడం గురించి 'రోజూ దువ్వండి' అని జూన్‌లో అన్నాను కదా. ఆమె నిజంగానే రోజూ దువ్వింది, మనుషుల దువ్వెనతో, పై బొచ్చు మీద. కింది మెత్తటి నూగు అలాగే ఉండిపోయింది. ఈసారి క్లినిక్‌లో ఆమె చేతికి మెటల్ దువ్వెన ఇచ్చి, బొచ్చును పొరలుగా విడదీసి చర్మం దగ్గర నుంచి కొసకు ఎలా లాగాలో నేర్పాను. తిండికి ముందు ఐదు నిమిషాలు, దువ్వితేనే తిండి. మొదటి రోజే గుప్పెడు వచ్చింది. లడ్డు కడుపులోకి పోవాల్సిన గుప్పెడు.

క్యాలెండర్

గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద గుర్తులు పెట్టమన్నాను. వెంట్రుకల ఉండ అయితే 'వెం', నురగో నీళ్లో అయితే 'నీ', తిన్నది కక్కితే 'తి'. ఏమీ బయటికి రాకుండా మెడ చాచి, నేలకు ఒదిగి ఖక్ ఖక్ అంటే ఫోన్‌లో వీడియో తీయమన్నాను. అది వాంతి కాకపోవచ్చు, ఆస్తమా దగ్గు కావచ్చు. హనుమకొండ నుంచి వచ్చిన ఒక పిల్లికి మూడు నెలలు పేస్టు మీద పేస్టు తినిపించారు. వీడియో చూస్తే దానికి ఉన్నది ఆస్తమా. వెంట్రుక ఒక్కటి కూడా బయటికి రాలేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఆరు వారాల గడువు పెట్టుకున్నాను. అప్పటికీ ఉండలు తగ్గకపోతే పొట్ట స్కాన్ చేసి పేగుల గోడ మందం కొలవాలి, అవసరమైతే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం. పిల్లుల్లో పేగుల దీర్ఘకాలపు వాపు, మెల్లగా పాకే లింఫోమా అనే క్యాన్సర్ మొదట్లో కొన్నిసార్లు ఇలా వెంట్రుకల ఉండల రూపంలో కనిపిస్తాయి. ఫ్లీ దొరికింది కదా అని, వెంట్రుకలు కిందికి ఎందుకు జారడం లేదన్న రెండో ప్రశ్నను మూసేయడం సరికాదు. ఖర్చు ఎంతవుతుందో ముందే చెప్పి ఉంచాను.

ఆగస్టు కాగితం మీద మందు వేశాక రెండు వారాల్లో ఒక 'వెం', ఒక 'నీ'. సెప్టెంబరులో మొదటి వారం ఒక 'నీ', ఆ తర్వాత ఖాళీ. బరువు రెండో వారానికి 4.4, ఆరో వారానికి 4.7. తోక మొదట్లో కొత్త బొచ్చు మొలిచింది. పీకి చూస్తే కొసలు సన్నగా ఉన్నాయి. స్కాన్ అక్కర్లేకపోయింది. తల్లి పిల్లికి ఆపరేషన్ చేశాం. కూనల్లో రెండింటిని ఎవరో పెంచుకోవడానికి తీసుకెళ్లారు, మూడోది పెద్దాయన దగ్గరే ఉండిపోయింది, ఈసారి కోడలికి తెలిసే.

మూడో డోసుకి వచ్చినప్పుడు ఎంగిలిపూల బతుకమ్మకు వారం ఉంది. ఇంటి నిండా గునుగు, తంగేడు, బంతి, చామంతి వస్తాయి, ఏం చేయాలని అడిగింది. చామంతి నమిలితే చొంగ, వాంతి, విరేచనం వస్తాయి, ఆ తొమ్మిది రోజులు లడ్డుని పువ్వులున్న గదిలోకి రానివ్వొద్దన్నాను. బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీలు (లిలియం జాతి) మాత్రం ఇంట్లోకే తేవద్దు, వాటి పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. దండ గుచ్చిన సూదీ దారం డబ్బాలో పెట్టి మూత వేయాలి.

వెంట పెద్దాయన కూడా వచ్చారు, చంకలో ఒక చుట్ట. నీలం, ఎరుపు చారల జంపఖానా. "మీ దవాఖాన బెంచీ మీదికి సారూ, కొత్తదే." తీసుకుని దండం పెట్టాను. ఆయన మెట్లు దిగిపోయాక స్టూడెంట్ నా వైపు చూశాడు. ఇద్దరం దాన్ని డాబా మీదికి మోసుకెళ్లి ఎండలో పరిచాం. మూడు రోజులు అక్కడే ఉంచాం.